చివరి ఎనిమిది పేజీలు

ఆరో తరగతి లెక్కల గైడు కోసం పోయి
ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నిన్ను కొనుక్కొచ్చుకున్న, కేతకీ.
అట్ట లేదు. రాసినాయన పేరు లేదు.
నూట నాలుగో పేజీ తర్వాత ఏమీ లేదు.
"చివర లేదు గదా, రెండ్రూపాయలు తగ్గియ్యి"
అన్నడు మా నాయిన, ముదిరిన బెండకాయలు బేరం చేసినట్టు.

లాలాగూడ రైల్వే క్వార్టర్లల్ల కరెంటు పోయిన రాత్రి
నాయిన సిగ్నల్ లాంతరు ముంగట పెట్టుకొని,
ఎర్రద్దం పక్కకు తిప్పి,
వర్క్‌షాపు సైరన్ కూసేదాక చదివిన నిన్ను.

నువ్వు రాజు బిడ్డవు కావు.
కోట బురుజుల మీద దీపాలకు నూనె పోసేటోళ్ల పిల్లవు.
మాంత్రికుడు జయంతసేనుణ్ణి ఉప్పుబొమ్మను చేసిండు.
వానకాలం రాకముందే ఏడేర్లు దాటించాలె,
లేకుంటే అతను లేడు.
"బొమ్మనిస్త, నీ అందం నాకియ్యి" అన్నడు వాడు.
"తీస్కో.
భుజాలు మాత్రం ఉండనియ్యి, మోసేది ఉన్నది" అన్నవు.

అక్కడ పుస్తకం మూసి
నా భుజాలు తడిమి చూసుకున్న.
పదకొండేండ్ల భుజాలు,
బడిసంచి పట్టీలు కోసిన గీతలు.

అయిదో ఏటికాడ తుంపర పడ్డది.
చీరకొంగు అతనికి కప్పినవు,
కొంగు చాలక వీపు కప్పినవు,
అయినా ఒక చిటికెన వేలు కరిగిపోయింది.
ఆ ఉప్పునీళ్లు నీ మోచేతి మీదుగా కారుతుంటే
ఏడ్చినవో లేదో రాయలేదు ఆయన.
రాయనందుకే నాకు నచ్చిండు.

ఏడో ఏటి ఒడ్డున కండ్లు తెరిచి అడిగిండు అతను:
"ఎవరు నువ్వు? నా వేలేది?"
"ముందు నీళ్లు తాగు" అన్నవు.
అంతే. నూట నాలుగో పేజీ.

ఇప్పుడు గాంధీ దవాఖానల నాకు నైట్ డ్యూటీ.
జ్వరం దిగినోళ్లు తెల్లారుజామున లేచి
నేనెక్కడున్న, నన్నెవరు తెచ్చిన్రు, నా చెప్పులేవి
అని అడుగుతుంటరు.
నీ మాటే చెప్త.
వార్డుల ఎవ్వరికీ తెల్వదు అది నీదని.

మొన్న ఆదివారం
మూసిన షట్టర్ల ముంగట, ఖలీల్ భాయ్ కుప్పల
మళ్లా దొరికినవు. అట్టతో సహా. చివరతో సహా.
అట్ట మీద నువ్వు మూర్ఛపోయి అతని చేతులల్ల ఉన్నవు.
ఎప్పుడు మూర్ఛపోయినవే నువ్వు?

నిలబడే చదివిన మిగిలిన ఎనిమిది పేజీలు.
మొదటి పేరాలనే నీ అందం నీకొచ్చింది.
అతనికి వేలు మొలిచింది.
పెండ్లయింది, ఏనుగు అంబారీ, పూలవాన.
రెండుసార్లు సిగ్గుపడ్డవు,
ఒకసారి కంటి తడి తుడుచుకున్నవు.
ఎనిమిది పేజీలల్ల ఒక్క మాట మాట్లాడలేదు.
మళ్లా వెనక్కి తిప్పి లెక్కపెట్టిన. ఒక్కటీ లేదు.

నలభై రూపాయలన్నడు. బేరం చెయ్యలే.
షట్టరు మెట్టు మీద కూసోని
హెయిర్‌పిన్నుతో పిన్నులు లేపి
ఎనిమిది పేజీలు మెల్లగ బయటకు తీసిన, కుట్లు విప్పినట్టు.
అట్ట కూడా తీసిన.
మిగిలింది తీస్కపోయి
లెక్కల గైడ్ల నడుమ పెట్టిన,
చిన్న చెయ్యికి అందేటంత ఎత్తుల.

"పైసలిచ్చి మళ్లా ఈడనే పెడ్తవేంది అమ్మా?"
"చివర లేదు భాయ్. రెండ్రూపాయలు తక్కువకియ్యి
ఎవరన్న పిల్ల అడిగితే."
నన్నొకసారి, పుస్తకాన్నొకసారి చూసి
ఇంకేదో అనబోయిండు.

అంతల పోస్టాఫీసు దిక్కు నుంచి చినుకులొచ్చినయి.
"అరె, జల్దీ, జల్దీ" అనుకుంట
ఆయన టార్పాలిన్ లాగుతుండు.
ఇంకో అంచు నేను పట్టుకున్న.