ఇరవై ఎనిమిదో రోజు

పగలగొట్టడమే నా ఉద్యోగం.
ఆటోనగర్ రేకుల షెడ్డులో, తొమ్మిదింటికి,
నీళ్ల తొట్టెలోంచి కాంక్రీటు దిమ్మను పైకి తీసి
పాత తువ్వాలుతో ఒళ్లు తుడుస్తాను.
ఎనిమిది కిలోలు. చంటిదాని బరువు.
నెత్తిన మేకుతో గీసిన తారీఖు,
పక్కన ఎవరిదో బొటనవేలి ముద్ర.

ప్రెస్సు పళ్లెం మీద కూర్చోబెట్టి లీవరు తిప్పుతాను.
ముల్లు కదులుతుంది.
వంద. రెండొందలు.
అప్పటిదాకా దిమ్మ నోరు విప్పదు.
నాలుగొందలు దాటాక లోపలెక్కడో
పేలాలు వేగుతున్న చప్పుడు.

ఇరవై అయిదు గ్రేడంటే
అయిదొందల అరవై రెండు దాటాలి.
దాటి పగిలినదాన్ని చూడాలి మీరు!
నాలుగు పక్కలా పెచ్చులూడి
సన్నటి నడుం మిగుల్తుంది, ఢమరుకంలా.
మంచి దిమ్మ ఓడిపోయే పద్ధతి అది.
చెడ్డది అడ్డదిడ్డంగా చీలి
ఇసక కక్కుతుంది.

ఎండాడ కొండ వార సైటు నుంచి
రాడ్డు మేస్త్రి అప్పలకొండ తెచ్చేవాడు దిమ్మలు.
అన్నీ ఒకే నలుపు, ఒకే నునుపు,
అన్నీ ఏడొందలు దాటేవి.
నేను అంకె రాసేదాన్ని. అతను సంతకం గీకేవాడు.
ఒకనాడు గుమ్మం దాకా వెళ్లి ఆగి,
"మేడంగోరూ, ఇయి ఆ స్తంబాల తోబుట్టువులు కావండి" అన్నాడు.
"మరేటి?"
"సూపులకి కూకోబెట్టడానికి
ఏరేగా సిమెంటు దట్టించి ముస్తాబు సేసినయి."

ఆ పూట టీ చల్లారిపోయేదాకా ఇనుము గురించే చెప్పాడు.
రింగు కొక్కేన్ని లోపలికి వంచాలట,
అల్లరి పిల్లాణ్ణి చెవి పట్టి ఇంట్లోకి లాగినట్టు.
బద్ధకించి అడ్డంగా వదిలేస్తే
భూమి కదిలిననాడు స్తంభం
మొలతాడు తెంపుకుంటుందట.
గాలితో కుస్తీ పట్టకూడదట, కిందికి దింపాలట.
స్లాబు దూలానికి చెప్పాలి,
దూలం స్తంభానికి, స్తంభం పునాదికి,
పునాది కొండ చెవిలో.
మధ్యలో ఏ ఒక్కరు బొంకినా
బరువు దారి తప్పి
పడుకున్న మనుషుల మీదికొస్తుంది.

హుద్‌హుద్ నాడు మధ్యాహ్నం
ఊళ్లో రేకులు కాగితాల్లా ఎగురుతుంటే
పెళ్లాం పైడమ్మనీ, రెండు మేకల్నీ తీసుకుని
తను కమ్మీ కట్టిన నీళ్ల ట్యాంకు కిందే కూర్చున్నాడట.
"ఊగిందా?" అన్నాను.
"ఊగదేటండీ? ఊగనిదే ఇరుగుద్ది."

జూలై వానలో మళ్లీ వచ్చాడు.
మోపెడ్ కాళ్ల దగ్గర తడి గోనెసంచి,
అందులో ఒకే ఒక్క దిమ్మ, బూడిద రంగుది,
అంచు చిట్లింది.
"నాలుగో అంతస్తు, ఏడో స్తంబం.
ఒకే కలపలోది. ఇది సొంత సెల్లెలండి."

ఇరవై ఎనిమిది రోజులు తొట్టెలో ఉంచాను.
తెలియదని తెలిసీ
రోజూ వంగి చూసేదాన్ని,
నీళ్లలో నా ముఖమే కనిపించేది.

ఆ ఉదయం ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు.
లీవరు తిప్పాను.
రెండొందల ఎనభైకే పేలాలు మొదలయ్యాయి.
అతను ప్రెస్సు వైపు చూడలేదు,
డాక్టరు గది బయట కూర్చునే మనిషిలా
చెప్పుల వైపు చూశాడు.
మూడొందల ఎనభై ఏడు దగ్గర
మూలనుంచి మూలకి చీలింది.

విరిగిన ముఖంలో
గోరంత గవ్వ.

అప్పలకొండ ఆ ముక్క తీసి నాలిక్కి ఆనించాడు.
"సముద్రం," అన్నాడు.

ఏటి ఇసక లారీ ఖరీదు మిగిలిందెవరికో.
బయటి కెరటానికి గోడ లేపుతున్నామనుకున్నాం.
లోపలికి అదెప్పుడో వచ్చి
కమ్మీ పక్కన కూర్చుని
తుప్పు నములుతోంది.

"రాయండి," అన్నాడు.
"నీ పని పోతుంది."
"నా కొక్కేలన్నీ లోపలికే వంచానండి,"
అన్నాడు, దానికి సంబంధం లేనట్టు.

రాశాను. మూడు, ఎనిమిది, ఏడు.
కార్బన్ కాగితం కింద మూడో కాపీ దాకా దిగేలా
ఒత్తి రాశాను.

అప్పట్నుంచీ ఫోను మోగుతూనే ఉంది.
తువ్వాలు పిండి తీగ మీద ఆరేశాను.
గవ్వ నా సొరుగులో ఉంది, స్టాపిలు పిన్నుల మధ్య.
తొట్టెలో ఇంకా పదకొండు దిమ్మలు,
ఏది ఎవరి తోబుట్టువో
అడిగినా చెప్పవు.