నిలబడితే పడతవ్

చంద్రపూర్ గోల్‌బజార్ల హార్డ్‌వేర్ దుకాణం.
గోడకు ఆనిచ్చి రెండు జతల కాళ్ళున్నయి,
ఎవరో ఇప్పిపెట్టి చాయ్ తాగవోయినట్టు.

ఒకటి కొత్తది. అట్టపెట్టెల కెల్లి తీసింది,
తళతళ మెరుస్తున్నది, ఎనిమిది వేల రెండు వందలు.
ఇంకోటి నాగ్‌పూర్ల ఎవరో వాడి అమ్ముకున్నది,
పుట్టీ చుక్కలు ఎండి, ఒక బెల్టు నెరిసి.

మెరుపును చూడలే నేను.
పిక్క కాడి పట్టీ గుంజి చూసిన.
స్ప్రింగు నొక్కి చెవి పెట్టి విన్న.
కొత్తదాని మడమ నట్టు వేలుతోనే తిరిగింది.
పాతదాన్ది పానా పెట్టినా కదల్లే.
"ఎంత బరువు మోస్తది?" అన్న.
"మీ ఆయన ఎంతుంటడు?" అన్నడు మరాఠీల.
"నాకే" అన్న తెలుగుల.
అర్థమైంది.

మూడు వేల ఆరు వందలు, బెల్టు కొత్తది ఏపిచ్చి.
భిషి ఎత్తిన పైసలు.
కూలర్ కొంటనని ఎత్తిన.

పదకొండేండ్లు పుట్టీ కలిపిన.
బకెట్టు నాది, పట్టీ వాళ్ళది.
నిచ్చెన పట్టుకునుడు నాది, ఎక్కుడు వాళ్ళది.
ఒక్క గదికి నలభై సార్లు జరుపాలె నిచ్చెనను,
ఆ జరుపుడు గూడ నాదే.

బల్లార్షాల పండ్ల డాక్టర్ దవాఖాన, సీలింగ్ పని.
కాగితం మిల్లు వాసన కిటికీల నుంచి వచ్చి కూసున్నది.
జంగు మడావి బోర్డులు కోస్తడు, జివతి దిక్కు గోండు పిలగాడు,
నా బిడ్డ కన్న మూడేండ్లు పెద్ద.
"అక్కా, పొలాల అమాస నాడు మేము
వెదురుకాళ్ళ మీద బురదల ఉరుకుతం.
ఇది నున్నటి నేలనే గదా" అన్నడు.

ముందు ఊడ్వుమన్నడు.
ఒక్క స్క్రూ చాలట, ఒక్క వైరు ముక్క.
కిటికీ గట్టు మీద కూసొని కట్టుకోమన్నడు.
కాలు ఈడ్వకు, మోకాలు ఎత్తు.
ఎనుకకు నడువకు, తిరిగి నడువు.
కిందికి చూస్తే కిందికే పోతవ్.
"ఇగ నిలబడకు. నిలబడితే పడతవ్.
పొయ్యి మీద పాలకు కావలున్నప్పుడు
కాళ్ళు మార్సుకుంట ఉంటవ్ సూడు, అట్ల."

చెయ్యి ఇయ్యలే. రెండు అరచేతులు చూపుకుంట
నా ముంగట ఎనుకకెనుకకు పోయిండు.
నా బిడ్డ తొలి అడుగులకు నేను గట్లనే చేసిన.

ఏడో అడుగుకు పడ్డ. బకెట్టు మీదనే.
మోచెయ్యి గీసుకపోయింది, తల తెల్లగైంది.
వాంఖేడే సేటు "చెప్పిన గద బాయి" అన్నడు.
ఆయన ఏం చెప్పలే.

మూడోనాడు కప్పు దగ్గరికొచ్చింది.
కింద కన్న పైన ఎండ ఎక్కువ, అది ఎవరూ చెప్పలే.
తలుపు చౌకట్టు మీద ఎవరిదో తంబాకు డబ్బీ.
సేటు నడినెత్తి మీద రూపాయంత బట్టతల.
జాయింటుకు టేపు అంటిచ్చి, పట్టీ ఆనిచ్చి
నడుసుకుంట గుంజిన.
నిచ్చెన జరిపిన కాడల్లా వాళ్ళ గీత ఆగుతది, గంటు పడతది.
నాది ఈ గోడ నుంచి ఆ గోడ దాక
ఒక్కటే.

సేటు టార్చి అడ్డంగ కొట్టి చూసిండు.
ఏం అనలే.
కూలి ఏడు వందలు రాయమన్న,
ఆరు వందల యాభై రాసిండు.
ఆ యాభై సంగతి రేపు
కాళ్ళు కట్టుకున్నంక మాట్లాడుత.

పొద్దుగూకి రాజురా బస్సు.
కాళ్ళు సంచిల మూతి బయటికి పెట్టినయి,
పక్క సీటామె "ఎవరికమ్మా, పాపం?" అంటున్నది.
వార్ధా వంతెన మీద కుదుపులు.
కండక్టర్ సీటు చూపెట్టిండు, కూసోలే.
కడ్డీ గూడ పట్టుకోలే.
ఊకెనే, కొద్దికొద్దిగ,
కాళ్ళు మార్సుకుంట ఉన్న.