పదిహేనో గడి

బరంపురం పెద్దాసుపత్రి, నూట ఆరో గది.
కిటికీకి పరదా లేదు, పాత ఎక్స్‌రే ఫిల్ములు అతికించారు.
ఎవరివో పక్కటెముకల్లోంచి ఎండ
నా రిజిస్టరు మీద పడుతుంటుంది.
ఇరవై గడులు. పద్నాలుగు నిండాయి.
ప్రతి శుక్రవారం నాలుగింటికి హైదరాబాదు నుంచి ఫోను:
"ఎంతమంది?"
ఎలా ఉన్నారని కాదు. అది వేరే ఫారం.

సూరాడ కామమ్మ గోపాల్‌పూర్ రేవు నుంచి
తొలి బస్సుకి వచ్చింది.
కొంగున చిల్లర, జుట్టులో ఉప్పుగాలి.
నోరు తెరవమంటే తెరిచింది.
అంగిట్లో, నలభై ఏళ్లు నిప్పు కాపురమున్న చోట,
అంచులు లేచిన పుండు.
అడ్డపొగ.
చుట్ట కాలే కొసని లోపల పెట్టుకోవడం.
ఎందుకలా అని డాక్టరుగారు ఒడియాలో విసుక్కున్నారు.
ఆమె నాకు చెప్పింది:
"నెత్తి మీద గంప, సేతులు రెండూ గంపకే.
సముద్రం గాలికి బయట నిప్పు నిలుస్తాదేటి?
లోపలైతే ఆరదు. బూడిద సేపల మీద రాలదు."
నేను రాసుకోలేదు. దానికి గడి లేదు.

సమ్మతి పత్రం పదకొండు పేజీలు.
ఒడియాలో ఉంది, ఇంగ్లీషులో ఉంది.
తెలుగుది వానాకాలం నుంచీ కమిటీ దగ్గరే ఆగింది.
వచ్చినా ఆమెకు చదువు రాదు.
పర్లాకిమిడిలో మా అమ్మమ్మ నేర్పిన మాటల్లో
పేజీ వెనక పేజీ విప్పాను.

"రెండు గుంపులు. ఒకదానికి మామూలు వైద్యం.
రెండోదానికి దాంతోపాటు కొత్త మాత్ర.
నువ్వెందులో పడతావో నేను చెప్పలేను,
డాక్టరూ చెప్పలేడు. కంప్యూటరు చీటీ తీస్తుంది."

కాసేపు ఊరుకుంది.
"వలేసే సోటుకి మావోళ్లూ సీటీలే ఏస్తారు.
గాని ముంతలో ఏసి, పసిగుంటసేత తీయిస్తారు,
అందరం సూస్తుండగా.
నీ సీటీ ఎవులు సూస్తారు?"

ఏడో పేజీలో దానికి జవాబుంది.
చదివాను. నా గొంతు నాకే
పక్కింటి రేడియోలా వినబడింది.

"కొత్త మాత్ర బాగు సేస్తాదా?"
తెలీదు. తెలుసుకోడానికే ఇదంతా.
"తెల్దని తెలిసే అడుగుతన్నావా నన్ను?"
అవును.
"సరే. ఆ ఒక్క మాటా నిజం సెప్పావు."

మూడో రోజున వేలిముద్ర.
సాక్షి, పక్క మంచం ముసలాయన అల్లుడు,
ఛత్రపురంలో లారీ క్లీనరు, రెండు భాషలూ వచ్చినవాడు,
చేతికంటిన గుగ్నీ లుంగీకి తుడుచుకుని సంతకం పెట్టాడు.
కామమ్మ బొటనవేలికి గీతలు లేవు.
వలతాళ్లూ పొలుసులూ ఎప్పుడో అరగదీశాయి.
మూడుసార్లు అద్దించాను.

నాలుగో రోజు రక్తం రిపోర్టు.
క్రియాటినిన్ గీత దాటింది,
చుక్క తర్వాత ఒక్క అంకె.
అనర్హురాలు అని రాయాలి. రాశాను.
ఆ మాట ఆమెకెలా చెప్పాలో
పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు.
"పనికిరానన్నమాట" అంది తనే.
మామూలు వైద్యం ఆగదు, కరెంటు పెడతారు,
పైసా కట్టక్కర్లేదు అని చాలాసేపు చెప్పాను.
వింటూ, నా బల్ల మీద పెన్నులన్నీ
ఒకే వైపుకి సర్దింది.

అయిదు వారాలకి మళ్లీ అదే తలుపులో.
బుగ్గ కమిలి నల్లబడింది, గొంతు గీరుకుపోయింది.
వెనక ఇద్దరు ఆడవాళ్లు, గంపలు వరండాలో దించి.
"నానెలాగూ పనికిరాను. ఈళ్లని సూడు.
సీటీ సంగతి నానే సెప్పేసాను.
నీకంటే బాగా సెప్పాను."

చూశాం. ఒకామెకి ఏమీ లేదు.
రెండో ఆమె, బడ్డి లచ్చయ్యమ్మ,
అంగిట్లో బియ్యపుగింజంత తెలుపు.
ఇంకా జబ్బని పేరు పెట్టే దశ కాదు.
చుట్ట మానాలి, మూడు నెలలకోసారి రావాలి.
నా లెక్కకి ఆమె కూడా పనికిరాదు.
ఆ మాట చెబితే కామమ్మ
నవ్వబోయి, దవడ పట్టుకుంది.

శుక్రవారం, నాలుగు.
"ఎంతమంది?"
పద్నాలుగు.
"నెలంతా పద్నాలుగేనా?"
వరండాలో గంపలు తలకెత్తుకుంటున్నారు.
లచ్చయ్యమ్మ నోట్లో చుట్ట లేదు.
రొంటిన ఉందో లేదో
ఇక్కణ్ణించి కనబడదు.
పద్నాలుగే, అన్నాను.