జలగడుగు

టికెట్టు యాభై. పిల్లలకి పాతిక.
ఆయ్, ఇటు రండి, తల కాస్త వంచండి, గుమ్మం పొట్టిది.
ఇది కొలిమి. ఇది ఊదుగొట్టం.
నిప్పు లేదు లెండి, లోపల ఎర్ర బల్బు.
డిపార్టుమెంటు వాళ్ళు పెట్టారు.

లంకల్లో వెండి గనేమిటండీ అంటారు
మీలాగే చదువుకున్నవాళ్ళు.
నిజమే. ఇక్కడ పార దింపితే నీళ్ళూరతాయి,
రాయి తగలదు.
మా గని ఇదిగో,
మీరు దాటొచ్చిన మురుక్కాలవ.

ఎనభై కొలుముల వీధి ఒకప్పుడు.
పట్టీలూ మొలతాళ్ళూ కుంకుమ భరిణెలూ
ఆకురాయి కింద రాల్చిన పొడి
కుంకుడు నురగతో కలిసి గుమ్మాలు దిగేది.
తెల్లారకముందే మా నాయనమ్మ మరిడమ్మ
మోకాల్లోతు బురదలో నిలబడి
చెక్క తట్ట తిప్పేది.

మెరిసేదాన్ని చూడకురా, అనేది.
మెరిసేది కాకిబంగారం.
నీళ్ళు ఎంత లాగినా
పోనని మొండికేసే నల్లటి నలుసుంటుంది చూడు,
అదీ.

పాదరసం బొట్టొకటి అరచేతిలో వేసి నలిపితే
నలుసులన్నీ వచ్చి దాన్ని కరుచుకునేవి.
పెంకు మీద పెట్టి కాల్చేది.
పొగ పోయేది, వెండి మిగిలేది.
పొగ ఎటు పోయిందో
ఆమె చెయ్యి వణకడం మొదలెట్టాక తెలిసింది.
చివరి రోజుల్లో ముద్ద నోటిదాకా వచ్చేది కాదు,
మెతుకులు ఒళ్ళో రాలేవి.
అవి ఏరుకునేది, ఒక్కొక్కటీ,
అలవాటు కొద్దీ.

ఇదంతా బోర్డు మీద ఉండదండి.
చోటు చాలలేదన్నారు.

ఇక్కడ మీరే కడిగి చూడొచ్చు.
ప్లాస్టిక్ పళ్ళెం, ఏటి ఇసక, తగరపు పూసలు.
అందరికీ ఒక్కటైనా దొరుకుతుంది.
దొరకని పాపకి నేనే
వేళ్ళ సందునించి జారవిడుస్తాను.
ఫోటోలు బాగా వస్తాయి.

పైన నీలం బోర్డు చదివారా, వారసత్వ వీధి.
వారసులెవరని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.
నేనూ చెప్పలేదు,
నాది రోజుకూలి.

మొన్న వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు
ఈ మురుక్కాలవకి టైల్సు వేయించారు.
అడుగు బురద ఏడు ట్రాక్టర్లు,
కొత్త లాడ్జీ పల్లం పూడ్చడానికి పోయింది.
ఒక్క తట్ట ఇప్పించండి అన్నాను.
ఎందుకోయ్? అన్నాడు కంట్రాక్టరు.
బంతిమొక్కలకండి అన్నాను.

మెట్ల కింద ఉంది, గోనెపట్టా కప్పి.
మట్టికుండే బరువు కాదది.
నా భార్య కడగమంటుంది, అబ్బాయి పారబొయ్యమంటాడు.
నిన్న రాత్రి పట్టా తీసి
చెయ్యి పెట్టాను.

చల్లగా ఉంది.
కప్పేశాను.

ఆయ్, బయటికి దారి అటు కాదు, ఇటు.
మెట్టు చూసుకోండి,
తడిగా ఉంటుంది.