తోతాపురి రేటు

మంగళవారం పొద్దున
ఇడ్లీ పొట్లం విప్పకముందే చూశాను:
గీత పడిపోయింది.
నిన్న పదకొండు వేలమంది తొక్కిన గడప,
ఈరోజు నాలుగొందలు.
వాన లేదు, బంద్ లేదు, కరెంటు పోలేదు,
మేం రాసినదాంట్లో తప్పు లేదు.
యాడనో ఎవరో
ఒక మీట తిప్పినారట.

గ్రీమ్స్‌పేటలో జిరాక్సు షాపు మీద
ఒక గది, రెండు కంప్యూటర్లు, ముగ్గురం.
నేను,
పలమనేరు దిక్కు తిరిగే చెంగల్రాయుడు,
లెక్కలూ టీ రెండూ చూసే షాహీన్.
మావేం పెద్ద వార్తలు కావు.
కౌండిన్య అడవి దిగిన ఏనుగులు
ఈ రాత్రి ఎవరి మడిలో ఉన్నాయో,
మండీలో నల్లబెల్లం ఎంత పలికిందో,
గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ
తోతాపురి ట్రాక్టర్లు ఎన్ని నిలబడినాయో.

పోయిన యేడు, వీడియో అయితేనే చూపిస్తామన్నారు.
అన్నారంటే, ఎవరూ అనలేదు.
దెబ్బ తగిలినాక మాకై మేమే కనుక్కున్నాం.
చెంగల్రాయుడు మీసం దువ్వుకొని
ఏనుగు లద్దె పక్కన నిలబడి మాట్లాడినాడు.
ఆర్నెల్లకు అదీ చాలలేదు, నిలువుగా తీయాలంట.
"ఏనుగు నిలువులో పట్టదు గదా సార్"
అంటానే
తొండం మటుకు తీసుకొచ్చినాడు.

సోమవారం రాత్రి తొమ్మిదికి మేం పెట్టిన వార్త
గుట్ట కింది రామక్కకు గురువారం కనబడింది.
అప్పటికి ఆమె అరటితోటలో
గెలలు లేవు, బోదెలున్నాయి.
"మీరు చెప్తానే ఉంటారు నాయనా,
నా ఫోనుకే తీరిక లేదు" అనింది.

ఇప్పుడింకొకటి.
అడిగితే చాలు, పైనే జవాబు.
కింద మా పేరు దాకా ఎవరూ దిగరు,
దిగే పనే లేకుండా చేసినారు.

జూన్ చివర్లో ఫోను, బంగారుపాళెం మునస్వామి.
"బాడుగ ట్రాక్టరులో తెచ్చినా సార్.
కిలో పద్నాలుగని ఫోను చెప్పింది,
ఈడ ఆరంటాండారు."
వెతికాను.
పద్నాలుగు నిజమే.
రాసింది నేనే,
పోయిన జూన్‌లో, జల్లు పడతా ఉంటే
గేటు కాపలాదారు గొడుగులో తల దూర్చి.
వాక్యం నాదే.
"మొదటి రకం కాయకు మాత్రమే" అన్న ముక్క లేదు,
తేదీ లేదు.
పేరంటారా, అది ఎప్పుడో పోయింది.

"అబద్ధం కాదన్నా, పాతది" అన్నాను.
"కాయకు పాతదయితే
అబద్ధమే గదా సార్."
వెనకాల ట్రాక్టరు ఇంజను
ఆపకుండా తాగుతా ఉంది డీజిలు.

మర్నాడు షాహీన్
పుస్తకాలంగట్లో ఒక నల్లబోర్డు కొనుక్కొచ్చింది.
గేటుకెదురు టీకొట్టు గోడకు తగిలించినాం.
పొద్దునొకసారి, మాపటేల ఒకసారి.
రైతులు చదివి, పక్కవాడికి చెప్పి,
ఒక్కోసారి మా లెక్క దిద్ది పోయేవాళ్ళు.

మూడోనాడు ఎవరో ఫోటో తీసి పెట్టినారు,
మా పేరున్న మూల కత్తిరించి.
నలభైవేలమంది చూసినారట.
షాహీన్ పడీపడీ నవ్వింది.
నేనూ నవ్వబోయి
గది అద్దె ఐదో తేదీ అని గుర్తొచ్చి ఆగినాను.

ఈరోజు ఐదున్నర.
సుద్దముక్క గోటిమందానికి అరిగింది.
తేదీని మూలకు రాయడం మానేసినాను.
అంకెల నడిమధ్యన,
కత్తిరిస్తే
రేటు కూడా తెగిపోయేట్టు రాస్తాండాను.