బెల్టు

మూడంగుళాల డ్రైవు మూత విప్పితే
లోపల బెల్టు లేదు.
ముప్పై ఎనిమిదేళ్లు గిలకను కరుచుకుని
అక్కడే తారైపోయింది.
వేలికంటింది, చొక్కాకంటింది.
స్పిరిటుతో ఎంత తుడిచినా
దూది నల్లబడిందే తప్ప నలుపు తరగలేదు.

కంకాల్ రేవులో వాన.
బల్లకు అటువైపు మరివోన్,
గొడుగు ముడవడం కూడా మరిచి.
"మా అన్న రాసుకున్నవేవో ఉన్నాయందులో.
ఉత్తరాలేమో."

కొత్త బెల్టు తొడిగి
నిమిషానికి మూడొందల చుట్లు సరిచూసి
డిస్కు లోపలికి తోశాను.
గుర్రు.
ఆగి, మళ్లీ గుర్రు.
అరవయ్యో ఏట పలక పట్టినవాడిలా
కూడబలుక్కుని చదివింది.
ఆకుపచ్చ తెర మీద ఒక్కొక్కటే:

గెనోలే, పన్నెండు డజన్ల ఆలిచిప్పలు, బాకీ.
బార్బె గారి హోటలు, నలభై. సగం ముట్టింది.
లోయిక్. ఇవ్వడు. అడక్కు.

చాలాసేపు చూసింది.
లోయిక్ దగ్గర ఒకసారి నవ్వింది.
తరవాత నా పెన్ను లాక్కుని
గెనోలే లెక్క అరచేతిలో ఎక్కించుకుంది.
"బతికే ఉన్నాడు వీడు.
ప్రతి గురువారం సంతలో
ఏమీ ఎరగనట్టు నన్ను పలకరిస్తాడు!"

గొడుగు ఇక్కడే వదిలి
వానలోకి నడిచింది.
నా గోటి కింద
ఇంకా కాస్త పాత బెల్టు.