మూడో పెట్టె

వ్యానులో మూడు పెట్టెలు,
ఒక్కొక్కటీ లావుపాటి నిఘంటువంత.
మీటల్లేవు, తీగల్లేవు, కొయ్యవాసన లేదు,
కడుపులో మాత్రం పియానోలు.
కడలికట్ట మీదుగా ఫ్రీస్‌లాండ్‌కి పోతూ
వెనకసీట్లో వాటికి బెల్టులు పెట్టాను.
నవ్వకండి,
అందులో ఒకటి నా కొట్టుకి మూడు నెలల అద్దె.

చిట్స్కె ఇంట్లో సగం గది ఆర్గన్‌దే.
రెండంతస్తుల మీటలు, కాళ్ళకింద పెడళ్ళు,
పైన ఎవరివో పెళ్ళిఫోటోలు.
ఇరవై ఆరేళ్ళ కిందట నేనే మోసుకొచ్చాను,
అప్పుడు నాకు నడుముండేది.
నిజం పియానోయే కొనొచ్చుగా అంటే
మెట్ల మలుపు చూపించింది.
"మా ఇంట్లో శవపేటికే నిలువుగా దిగాలి."

వంటగదిలో డూర్క్ రొయ్యలు ఒలుస్తున్నాడు.
గోరంతేసి బూడిదరంగు రొయ్యలు,
మెలిపెట్టి, లాగి,
టప్‌మని గిన్నెలోకి.
నన్ను చూసి తలూపాడు.
ఆ ఇంట్లో అది పెద్ద ఉపన్యాసం.

ఆర్గన్ వెనక మిడి సాకెట్టు దుమ్ము ఊది
కేబుల్ తగిలించాను.
ఒక్క సంగతి, అన్నాను,
అమ్ముకునేవాడు చెప్పకూడని సంగతి:
నీ ఆర్గన్ మీటకి రెండే మాటలొచ్చు, ఔను, కాదు.
గట్టిగా కొట్టావో, మెల్లగా తాకావో
దానికే తెలీదు, ఇంకొకరికేం చెబుతుంది?
పెట్టె పాపం అడుగుతుంది, ఎంత బలం? ఎంత బలం?
ఇది ప్రతిసారీ ఒకటే అంకె పంపుతుంది,
అరవై నాలుగు.
పిడుగైనా అరవై నాలుగే, పూరేకైనా అరవై నాలుగే.

కుడిచెయ్యి ఎత్తి చూపించింది.
ఉంగరపువేలు, చిటికెనవేలు
నిరుటి చలికాలం నుంచీ చెప్పినమాట వినడం లేదట.
"అన్ని వేళ్ళకీ అదే అంకెనా?"
అన్ని వేళ్ళకీ.
"మరి దాన్ని లోపమని నీకెవరు చెప్పారు?"

మొదటిది కచేరీహాలు పియానో.
ఒక్కో స్వరం ఇస్త్రీచొక్కా తొడుక్కుని వచ్చింది.
నాలుగు గతులు వాయించి ఆపేసింది.
"బాగున్నాడు. మా ఇంట్లో ఎక్కడ కూర్చుంటాడు?"
అద్దె గుర్తొచ్చి
ఇంకొక్కసారి వాయించమన్నాను. వాయించలేదు.

రెండోది మెత్తనిది,
వానలో పక్కింటి కిటికీలోంచి వినిపించినట్టు.
ఆర్గన్‌లో ఫ్లూటు తెరవగానే
పాలల్లో పోసిన నీళ్ళయింది.

మూడోది మూతబడ్డ డాన్సుబడి సామాన్లలో దొరికింది.
ఒక గుండీ లేదు,
నడిమి స్థాయిలో రెండు స్వరాలకి కొంచెం జలుబు.
నిజం చెప్పాలంటే
పక్కనుంటే మిగతా రెండూ మెరుస్తాయనే తెచ్చాను.

ఎడంచేతికి ఆర్గన్, కుడిచేతికి పియానో.
ఓడతో పోయి రానివాళ్ళకోసం
ఈ ఊళ్ళో వాయించేదొకటుంది, అది ఎత్తుకుంది.
పియానో స్వరం పుడుతూనే బయల్దేరుతుంది.
ఆర్గన్ స్వరం వేలు లేచేదాకా
గుమ్మంలో నిలబడే ఉంటుంది.
ఇన్నేళ్ళుగా రెండూ అమ్ముతున్నాను,
ఒకదాని వెనక ఒకటి నిలబడి చూడటం
అప్పుడే విన్నాను.
ఆ రెండు బద్ధకపు వేళ్ళూ
మిగతావాటితో సమానంగా మోగుతున్నాయి.

వంటగదిలో టప్పుమనడం ఆగిపోయింది.

డూర్క్ రాలేదు. కుర్చీ జరగలేదు.
చరణం అయిపోయాక కాసేపటికి
మళ్ళీ ఒక రొయ్య, టప్.

"ఇదే," అంది, వెనక్కి తిరక్కుండానే. "ఎంత?"
అనుకున్నదాంట్లో సగం చెప్పాను,
అదీ ఎక్కువే.
కేబుల్ జానెడు చాల్లేదు,
పెట్టెకింద రెండు కీర్తనల పుస్తకాలు ఎత్తుపెట్టాం.
వాటి మీద కాఫీ పెట్టొద్దని చెప్పాను.
పెడుతుంది, నాకు తెలుసు.

తిరుగుదారిలో సముద్రం వెనక్కి పోయుంది,
మైళ్ళకొద్దీ తడిబురద, దాని మీద పక్షులు.
వెనకసీట్లో రెండు పెట్టెలు.
మూడో బెల్టులో
డూర్క్ కాగితంలో చుట్టిచ్చిన రొయ్యలు,
ఒలిచినవి.